25 కోట్ల లెక్క, నాన్న డైరీలో ఐదు పేర్లు

"లాటరీలో 25 కోట్లు తగిలితే ఏం చేస్తారు? ఊరికే ఇలా ఊహించుకోవడం వల్ల ఉపయోగం ఏమైనా ఉందా, లేక టైం వేస్టా?" అని అడిగారు. ఉపయోగం ఉంది. నిరుడు మా ఇంట్లో జరిగిందే చెప్తాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేం ఉండేది బెంగళూరు కె.ఆర్.పురంలో. నేను ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఓణం ముందు సెలవుకి పాలక్కాడ్ వెళ్తున్న మా ఆఫీసు అమ్మాయిని ఒక తిరువోణం బంపర్ (కేరళ ప్రభుత్వం ఓణానికి నడిపే పెద్ద లాటరీ) టికెట్ తెచ్చిపెట్టమన్నాను. 500 రూపాయలు. మొదటి బహుమతి మీరు అడిగినట్టే 25 కోట్లు. కర్ణాటకలో 2007 నుంచి లాటరీ నిషేధం, తమిళనాడులో 2003 నుంచే లేదు. కేరళలో మాత్రం 1967లో మొదలుపెట్టి ఇప్పటికీ ప్రభుత్వమే నడుపుతోంది. 2024 బంపర్ వయనాడ్‌లో టికెట్ కొన్న ఒక కర్ణాటక మెకానిక్‌కే తగిలింది. ఆ వార్త చదివినప్పటి నుంచే నాకూ మనసులో ఉంది.

టికెట్ చేతికొచ్చిన రోజు సాయంత్రం సిల్క్ బోర్డు నుంచి వచ్చే 500 నంబరు బస్సులో కూర్చుని మొదట పన్ను లెక్క వేశాను. అలవాటు. 25 కోట్లలో 10 శాతం, అంటే రెండున్నర కోట్లు, ఏజెంటు కమీషన్ కింద పోతాయి. మిగిలిన 22.5 కోట్ల మీద 30 శాతం టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చే ముందే కోసుకునే పన్ను, 6.75 కోట్లు. చేతికి 15.75 కోట్లు వస్తాయి. చాలామంది లెక్క ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. కాలేదు. రిటర్న్ వేసేటప్పుడు ఆ పన్ను మీద సర్‌ఛార్జి (పెద్ద ఆదాయాలకు వేసే అదనపు పన్ను), ఆ రెండింటి మీద 4 శాతం సెస్సు ఉంటాయి. కొత్త పన్ను విధానంలో సర్‌ఛార్జి 25 శాతం దాటదు కాబట్టి ఇంకో రెండు కోట్ల పైచిలుకు కట్టాలి. ఏ మినహాయింపులూ వర్తించవు. చివరికి నిలిచేది 13 కోట్ల 72 లక్షలు. 25 చూసుకుని ఖర్చు రాసుకున్నవాళ్లు ఏడాది తిరిగేసరికి ఇరుక్కుపోతారు. కల కనేటప్పుడు కూడా 13.72 కోట్లకే కనాలని నా అభిప్రాయం.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఆయనా నేనూ పాపాయి పాత నోట్‌బుక్ తీసుకుని కూర్చున్నాం. ముప్పై బై నలభై అడుగుల సైటులో ఒక ఇల్లు. ఎనిమిది కోట్లు కదపకుండా దాచాలి. 7 శాతం వడ్డీ వచ్చినా ఏడాదికి 56 లక్షలు, దాని మీద మళ్లీ పన్ను. అదంతా ఒకే బ్యాంకులో వేయకూడదు. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో మనిషికి 5 లక్షలకే ఉంది, అందుకని సగం ప్రభుత్వ బాండ్లలో పెట్టాలని రాసుకున్నాం. మదనపల్లె దగ్గర మా మామయ్యగారు టమోటాలో నష్టపోయి కుదువ పెట్టిన నాలుగెకరాలు విడిపించాలి. మా ఇంట్లో పనిచేసే అక్క కూతురికి నర్సింగ్ ఫీజు కట్టాలి. తోబుట్టువులకు, అమ్మానాన్నలకు ఎంతిచ్చినా వాళ్లకు పన్ను పడదు. బంధువు కానివాళ్లకు ఏడాదిలో 50 వేలు దాటి ఇస్తే మాత్రం అది వాళ్ల ఆదాయం లెక్కలోకి వస్తుంది. ఫీజు కట్టేటప్పుడు ఇది చూసుకోవాలని పక్కన రాసుకున్నాను.

ఆ తర్వాత గొడవైంది. ఆయన ఇద్దరు చెల్లెళ్లకు ఎంత, మా తమ్ముడికి ఎంత అన్న దగ్గర. రెండు రోజులు ఇద్దరం ముక్తసరిగా మాట్లాడుకున్నాం. అమ్మకి ఫోన్‌లో చెబితే "ఆలు లేదు చూలు లేదు" అంది, మిగతాది అనలేదు. 2022లో గెలిచిన ఆటో డ్రైవర్ సాయం అడిగేవాళ్ల తాకిడికి ఇంట్లో ఉండలేకపోతున్నానని బాధపడ్డాడు. రాని డబ్బుకే మేం ఇలా ఉంటే వచ్చినాయన సంగతి ఊహించుకోవచ్చు.

అసలు నేను చెప్పాలనుకున్నది నాన్న గురించి.

నాన్న 1986లో హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి పీణ్యాలో లేత్ మెషిన్ మీద చేరారు. శ్రీరాంపురలో ఒక వఠారంలో ఒంటిగది వాటా మాది. తొమ్మిది వాటాలకు ఒకటే కొళాయి. జీతాల రోజు నాన్న మెజెస్టిక్ బస్టాండులో దిగి ఒక లాటరీ టికెట్ కొని, ఇంటికొచ్చి వెంకటేశ్వరస్వామి పటం వెనక పెట్టేవారు. కరెంటు పోయిన రాత్రి అందరం మిద్దె మీద కూర్చుంటే, "పది లక్షలు తగిలితే ఏం చేద్దాం, ఒక్కొక్కరూ చెప్పండి" అనేవారు. నాకు సైకిలు. తమ్ముడికి రోజూ మసాలా దోశ. అమ్మది ఎప్పుడూ ఒకటే: "మన ఇంట్లో మనదే కొళాయి." నాన్నని అడిగితే "నాది చివర్లో చెప్తా" అనేవారు. ఏనాడూ చెప్పలేదు.

ఆ కబుర్లంటే నాకు ప్రాణం. కానీ 1998 తర్వాత నాన్న ఎక్కువ కొనడం మొదలుపెట్టారు. కంప్యూటర్ లాటరీ సెంటర్లు వచ్చాక ఇంకా ఎక్కువైంది. పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బులు కూడా అక్కడికే పోయిన నెలలున్నాయి. అమ్మ ఏడవడం నేను చూశాను. 2007లో నిషేధం వచ్చిన రోజు అమ్మ గుడికెళ్లి టెంకాయ కొట్టింది. అందుకే ఎవరడిగినా ఒకటే చెప్తాను: కల కనడానికి ఒక్క టికెట్ చాలు. బంపర్ టికెట్లు 60 లక్షలకు పైగా అమ్ముడవుతాయి, మీరు రెండోది కొన్నా మూడోది కొన్నా పెద్ద తేడా ఏమీ రాదు.

నిరుటి టికెట్ తీసుకుని ఆదివారం లగ్గెరెలో తమ్ముడింటికి వెళ్లాను. అమ్మానాన్న అక్కడే ఉంటారు. టికెట్ చూపిస్తే అమ్మ మొహం తిప్పుకుంది. నాన్న దాన్ని ట్యూబ్‌లైట్ కిందికి పట్టుకుని చూసి, వెనక్కి తిప్పి, "సంతకం పెట్టలేదే పాపా! పేరు, అడ్రసు రాసి సంతకం పెట్టు. పోయిందనుకో, దొరికినవాడిదే" అన్నారు. పెన్ను ఆయనే తెచ్చిచ్చారు. సంతకం పెడుతూ అడిగాను. "నాన్నా, ఇప్పుడైనా చెప్పు. నీకు తగిలితే ఏం చేసేవాడివి?"

కాసేపు ఊరుకుని "ఐదిళ్లు" అన్నారు.

"ఐదిళ్లు కొంటావా?"

"కాదు పాపా. ఐదిళ్లకు పోవాల."

లోపలికెళ్లి ఒక పాత డైరీ తెచ్చారు. అట్ట మీద మెషిన్ ఆయిల్ మరక, బొటనవేలి గీతలతో సహా అలాగే ఉంది. లోపల పదకొండు పేర్లు, ఒక్కో పేరుకు ఎదురుగా టిక్కులు. అది చీటీ లెక్క. ఒక మనిషి మా వీధిలో 25 వేల చీటీలు నడిపేవాడు. యాభై నెలల చీటీ, నెలకు 500, పాటలో తగ్గింది పోను చేతి నుంచి సుమారు 420 పడేది. నాన్న మంచివాడని పేరు కదా, వఠారంలోని వాళ్లందరినీ ఆయనే చేర్పించారు. 1998లో, ముప్పై ఒక్క కంతులు కట్టాక, ఆ మనిషి రాత్రికి రాత్రి బోర్డు తిప్పేశాడు. ఒక్కొక్కరికి 13 వేల చొప్పున పోయింది. నాన్న నెల జీతం అప్పుడు మూడు వేల లోపే. "నన్ను చూసి కట్టినారు, వానిని చూసి కాదు" అని, ఏడేళ్లలో ఆరుగురికి తన జీతంలోంచి ఇచ్చేశారట. మిగిలింది ఐదుగురు. మాకు ఈ సంగతేమీ తెలియదు. అమ్మకి సగం తెలుసు.

ఐదు పదమూళ్లు అరవై ఐదు వేలు. నాకు ముందు కోపమే వచ్చింది. "కంప్యూటర్ లాటరీలో పోసిన డబ్బుతోనే తీరిపోయేది కదా నాన్నా" అనేశాను. "అవును" అన్నారు తల దించుకుని. "ఒక్కసారిగా అందరిదీ తీర్చేద్దామనుకుంటి. నెలకింత ఇస్తా పోతే వాళ్లకెదురుపడేది కష్టంగా ఉన్నింది." డబ్బు చేతిలో ఆడే రోజులొచ్చేసరికి వఠారం పడగొట్టేశారు, ఎవరెక్కడికి వెళ్లారో తెలియలేదు. లాటరీ తగిలితే పనికి పోకుండా రోజంతా బెంగళూరు తిరిగి వెతకొచ్చు అన్నది ఆయన కల. ఇన్నేళ్లూ ఆయన ఊహించుకున్నది అదే.

మా నోట్‌బుక్‌లో ఎక్కడా లేని ఖర్చు అది. ఆ రాత్రి మా ఆయనతో చెబితే, ఆయనే నోట్‌బుక్ తెరిచి అన్నిటికంటే పైన "65,000" అని రాశారు. చెల్లెళ్ల గొడవ మళ్లీ మా మధ్య రాలేదు.

టికెట్‌కి ఏమీ తగల్లేదు. చిన్న బహుమతులకు చివరి నాలుగంకెలు కలిస్తే చాలు, అవీ కలవలేదు. ఫలితాలు వచ్చిన తర్వాతి ఆదివారం నుంచి నాన్నా నేనూ వెతకడం మొదలుపెట్టాం. ముందు శ్రీరాంపుర వెళ్లి పాత వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్నవాళ్లను, పిండి మిల్లు వాళ్లను అడిగాం. ఐదుగురిలో మొదటి పేరు అప్పట్లో అక్కడ ఇస్త్రీ చేసే ఒకాయనది. ఆయన కొడుకు మూడు వీధుల అవతలే ఉన్నాడు. ఆయన పోయి పదేళ్లయిందట. కొడుకు చేతికి డబ్బిచ్చి నాన్న అక్కడే మెట్టు మీద చాలాసేపు కూర్చున్నారు.

రెండో ఆవిడ ఆచూకీ అతనే చెప్పాడు. గార్మెంట్స్‌లో పనిచేసేది, ఇప్పుడు కామాక్షిపాళ్యలో కూతురి దగ్గర ఉంటోంది. డెబ్భై దాటాయి. నాన్నని గుర్తుపట్టలేదు. అమ్మ పేరు చెబితే మాత్రం "కుక్కరు ఇచ్చేది, ఆ అక్క ఇంటాయనా!" అంది. చీటీ సంగతి చెబితే "ఏ చీటీ?" అంది. నిజంగానే గుర్తులేదు. నాన్న పాతికేళ్లకు పైగా మోసిన బాకీ ఆవిడ ఎప్పుడో మర్చిపోయింది. డబ్బు వద్దంటే వద్దంది. నాన్న డైరీ తెరిచి ఆవిడ పేరు చూపించారు. ఆవిడ కళ్లద్దాలు తెప్పించుకుని, ఒక్కో టిక్కు మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. ఇరవై రెండో టిక్కు చుట్టూ సున్నా ఉంది. అక్కడ ఆగి చాలాసేపు చూసింది.

"ఈ నెల మా పాపకి టైఫాయిడ్ వచ్చినాది. మీ ఆడామె కట్టింది నా బదులు. నేను తిరిగి ఇయ్యలా" అంది. చీటీ మర్చిపోయిన మనిషికి ఆ ఒక్క నెల గుర్తొచ్చింది.

నాన్న లెక్కపెట్టి తెచ్చిన 13,020లోంచి 420 తీసి నాన్న జేబులో పెట్టి, మిగతాది తీసుకుంది. ఆ 420 ఇంటికి తెచ్చి అమ్మకిస్తే అమ్మ కూడా "ఏ డబ్బులు?" అనే అడిగింది.

ఇంకా ముగ్గురున్నారు. పూలమ్మే ఆవిడ కుటుంబం హోసూరు వెళ్లిపోయిందని, బస్టాండు దగ్గర పూలబజారులో అడిగితే తెలియొచ్చని ఎవరో చెప్పారు. వచ్చే ఆదివారం ఆరింటి బస్సుకి నాన్నా నేనూ వెళ్తున్నాం.