మెట్ట నేలలో తిండి గింజల భరోసా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాకు కళ్యాణదుర్గం వైపు నాలుగెకరాల ఎర్రనేల ఉంది, బోరు లేదు. ఏటా వేరుశనగే వేస్తున్నాం. వాన ఎగ్గొట్టిన ఏడు పెట్టుబడి పోతోంది, ఇంట్లో రేషన్ బియ్యం తప్ప గింజ ఉండదు. కొర్ర, జొన్న వేద్దామంటే గిట్టుబాటు కాదంటున్నారు. ఏం చేయాలి?
(ఒక గృహిణి, అనంతపురం జిల్లా)

జవాబు: అనంతపురంలో ఏడాది సగటు వర్షం దాదాపు 550 మిల్లీమీటర్లే అయినా, అసలు చిక్కు వాన తక్కువ కావడం కంటే రెండు వానల మధ్య వచ్చే బెట్టతోనే. వేరుశనగలో ఊడలు దిగే వేళ, కాయ ఊరే వేళ బెట్ట తగిలితే పైరు పచ్చగా కనబడుతూనే కాయ తాలుగా మిగులుతుంది. పైగా ఎకరాకు 50, 60 కిలోల విత్తనపు గింజలు కొనాలి గనుక, మొదటి వాన నమ్మించి మోసం చేస్తే అప్పు అక్కడే మొదలవుతుంది. కొర్రకు రెండు మూడు కిలోల విత్తనం చాలు, 80, 90 రోజుల్లో చేతికొస్తుంది.

వేరుశనగను పూర్తిగా మానుకోమని చెప్పను. చేతికి డబ్బు రావాలి కదా. నాలుగెకరాల్లో ఒక ఎకరం మాత్రం ఇంటి తిండికని విడిగా ఉంచి, అయిదు సాళ్లు కొర్రకు ఒక సాలు కంది చొప్పున విత్తండి. గట్ల వెంట అలసంద, అనుములు, ఆముదం వేయండి. కొర్ర దెబ్బతిన్నా, వేరు లోతుకు దిగే కంది ఆలస్యంగా పడిన వానలను అందుకుని నిలబడే అవకాశం ఉంటుంది. గిట్టుబాటు లెక్క వేసేటప్పుడు ఇంట్లో తినే గింజకు మార్కెట్ యార్డు ధర కట్టకండి. అదే గింజను మీరు అంగట్లో కొంటే ఎంత పెట్టాలో ఆ ధర కట్టండి. గిట్టదని చెప్పేవారు సాధారణంగా ఈ లెక్క వేయరు.

రేషన్ బియ్యం చాలా ఇళ్లను పస్తుల నుంచి కాపాడిన మాట నిజం. కానీ ఆహార భద్రతా చట్టం కింద ప్రాధాన్య కుటుంబాలకు నెలకు మనిషికి 5 కిలోలే అందుతాయి. పొద్దంతా కూలి చేసే మనిషికి అవి చాలవు, పప్పు లోటు ఎలాగూ తీరదు. 2013 నాటి ఆ చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలకూ చోటుంది. కాబట్టి జొన్నలు, రాగులు ఇవ్వమని గ్రామసభలో అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: ఒక్కో ఇల్లు విడిగా కాకుండా, మహిళా సంఘం మొత్తం ఊరి కోసం ఏమైనా చేయగలదా?
(ఒక ఉపాధ్యాయుడు, శ్రీసత్యసాయి జిల్లా)

జవాబు: చేయగలదు, చేసిన దాఖలా ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి పనిచేసిన మహిళా సంఘాలు, ముఖ్యంగా దళిత స్త్రీలు, 1990ల నడుమ సొంత రేషన్ వ్యవస్థను నిలబెట్టారు. బీడుపడ్డ పొలాలను సాగులోకి తెచ్చుకోవడానికి చిన్న రైతులకు అప్పిచ్చి, దాన్ని డబ్బుగా కాకుండా కొన్నేళ్లపాటు జొన్నల రూపంలో వసూలు చేశారు. ఆ గింజలను ఊళ్లోనే నిల్వ చేసి, కరువు నెలల్లో నిరుపేదలకు తక్కువ ధరకు ఇచ్చారు; వచ్చిన సొమ్ము తిరిగి సాగుకే వెళ్లింది. ఎవరు నిరుపేదలన్నది ఆఫీసు జాబితా తేల్చలేదు, ఊరివాళ్లే అందరి ఎదుట కూర్చుని తేల్చారు. నా దృష్టిలో ఆ పథకానికి ఆయువుపట్టు అదే. మీ సంఘం గిడ్డంగి కట్టే ముందు ఆ పని చేయాలి. లేకపోతే గింజలు పలుకుబడి ఉన్న ఇళ్లకే చేరతాయి.

నిల్వకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. గింజ బాగా ఎండాలి; పేడతో అలికిన గుమ్ముల్లో, బూడిద, ఎండు వేపాకు కలిపి పోసుకోవడం మన పల్లెలకు తెలిసిన పద్ధతే.

ప్రశ్న: కొర్రలు దంచే ఓపిక ఇప్పుడెవరికీ లేదు. మరి ఎలా?
(ఒక పాఠకురాలు, హిందూపురం)

జవాబు: ఆ చాకిరీ అంతా ఆడవాళ్ల మీదే పడేది గనుక మీ మాటలో న్యాయముంది. జొన్న, సజ్జ, రాగికి కొర్రలా దంచి పొట్టు తీయాల్సిన పని లేదు, వాటితో మొదలుపెట్టండి. కొర్ర, సామ, అరికలకు పొట్టు తీసే చిన్న యంత్రాన్ని నాలుగైదు ఊళ్ల సంఘాలు కలిసి కొనుక్కోవచ్చు. అందులో పోసే ముందు రాళ్లు ఏరి, జల్లెడ పట్టి, ఒకే సైజు గింజలను వేరు చేయాలి. లేకపోతే సగం నూక అవుతుంది. బియ్యంలా తెల్లగా మెరవాలని మరీ పాలిష్ పట్టించకండి, తవుడుతో పాటు పీచూ పోతుంది.