ఐపీ పెట్టే ముందు ఇల్లు మేనల్లుడి పేర రాయొచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి. మావారికి రెడీమేడ్ బట్టల కొట్టు ఉండేది. కరోనా తర్వాత బేరాలు పడిపోయాయి. కొట్టు నిలబెట్టుకోవాలని రెండు రూపాయల వడ్డీకీ మూడు రూపాయల వడ్డీకీ తెచ్చాం. ఆ వడ్డీలు కట్టడానికి మళ్ళీ తెచ్చాం. చివరికి పదకొండు మందికి 18 లక్షల 60 వేలు బాకీ తేలింది. పోయిన సంక్రాంతి వెళ్ళాక పెద్దమనుషుల్లో కూర్చున్నాం. ఇక మీదట వడ్డీ లేకుండా నెలకు 31 వేల చొప్పున అయిదేళ్ళలో తీర్చాలని స్టాంపు కాగితం మీద రాసుకున్నారు. తొమ్మిది మంది సంతకం పెట్టారు. ఇద్దరు పెట్టలేదు గానీ నెలనెలా డబ్బు మాత్రం తీసుకున్నారు. ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా ఏడు కిస్తీలు కట్టాం. సెప్టెంబరులో మావారు బండి మీద నుంచి పడి కాలు విరిగింది. ఆసుపత్రికి లక్షా 90 వేలు అయింది. కొట్టు మూసేశాం, కిస్తీ ఆగిపోయింది. సంతకం పెట్టని ఒకాయన దావా వేశారు, నాలుగు రోజుల క్రితం సమన్లు వచ్చాయి. ఇంకొకాయన దగ్గర మావారి సంతకం చేసిన ఖాళీ చెక్కులు రెండు ఉన్నాయి. ఒక నోటు మీద నేను కూడా సంతకం చేశాను. మరో నోటుకు మా అన్నయ్య జామీను.

మాకున్నది రేకుల ఇల్లు ఒక్కటే, 8 లక్షలు చేస్తుంది. దాన్ని ముందు మేనల్లుడి పేర రాసేసి తర్వాత ఐపీ, అంటే దివాలా పిటిషన్ పెట్టమని బంధువులు చెబుతున్నారు. పెద్దమనుషులకు చెప్పని అప్పు ఇంకొకటి ఉందని నాకు మొన్ననే తెలిసింది. మావారి స్నేహితుడికి లక్షన్నర ఇవ్వాలట. ఇంటికి వచ్చి అరుస్తున్నారు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. మావారిని జైల్లో పెడతారా? ఐపీ పెడితే పరువు మిగులుతుందా? టెన్షన్‌తో నిద్ర ఉండటం లేదు.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఇంటి సంగతి. రాయకండి. మేనల్లుడి పేరే కాదు, మీ పేర కూడా రాయకండి.

కారణం చట్టంలోనే ఉంది. మీలాంటి వాళ్ళకు ఇప్పటికీ వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. 2016లో దివాలాకు కొత్త చట్టం వచ్చింది గానీ, అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ళ వరకే అమల్లోకి తెచ్చారు. పాత చట్టం ప్రకారం, ఆస్తి రాసిచ్చిన రెండేళ్ళలోపు ఐపీ పడి, ఆ మనిషిని కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే, ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. నిజంగా డబ్బిచ్చి నిజాయితీగా కొన్నవాళ్ళ జోలికి మాత్రం రారు. మీ మేనల్లుడు డబ్బిచ్చి కొనడం లేదని ఊరందరికీ తెలుసు. ఆస్తిని మోసంతో దాటించినట్టు తేలితే ఏడాది దాకా జైలు కూడా ఉంది. అంటే ఇల్లూ మిగలదు, ఈ రోజు లేని జైలు భయం కొత్తగా తెచ్చుకున్నట్టవుతుంది.

ఈ మాట చట్టం తెలిసి మాత్రమే చెప్పడం లేదు. మా నాన్న చీరాలలో నూలు వ్యాపారం చేసేవారు. 1987లో ఒక ఐపీ నోటీసు మా ఇంటికి వచ్చింది. అప్పుల వాళ్ళ జాబితాలో నాన్న పేరు తొమ్మిదోది, 40 వేలు. ఆ రోజుల్లో మాకది చాలా పెద్ద మొత్తం. నాన్న రెండు రోజులు మౌనంగా ఉన్నారు. ఆ మనిషి నెల ముందే ఇంటిని బావమరిది పేర రిజిస్టరు చేశాడని మూడో రోజు తెలిసింది. నాన్నకు కోపం వచ్చింది అప్పుడు. మూడేళ్ళ పైన కోర్టు చుట్టూ తిరిగితే ఆ రిజిస్ట్రేషన్ రద్దయింది. నాన్న చేతికి వచ్చింది రూపాయికి ఇరవై రెండు పైసలు. డబ్బు పోయినందుకు నాన్న ఎవరినీ తిట్టలేదు. ఆ బావమరిది దస్తావేజు గురించి మాత్రం ఆఖరి రోజుల దాకా చెబుతూనే ఉన్నారు. మీరు రాసిన పదకొండు మందిలోనూ మా నాన్నలాంటి వాళ్ళు ఉంటారమ్మా.

ఇక ఐపీ. పెట్టడం తప్పు కాదు, నేరం కాదు. అప్పు 500 రూపాయలు దాటి, తీర్చలేని స్థితి ఉంటే చాలు, ఆ అంకె వందేళ్ళుగా మారలేదు. సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో, అంటే మనం సబ్ కోర్టు అనే చోట పిటిషన్ వేయాలి. అప్పుల వాళ్ళందరి పేర్లు, చిరునామాలు, ఎవరికెంత, ఆస్తి ఏమిటి, దాని విలువ ఎంత అన్నీ రాయాలి. కొట్టు లెక్కల పుస్తకాలు అప్పగించాలి. కోర్టు దివాలాదారుగా ప్రకటించాక ఆస్తి కోర్టు తరఫున చూసుకునే రిసీవరు చేతికి వెళ్తుంది. ఆయన అమ్మి అందరికీ దామాషాగా పంచుతారు. ఆ తర్వాత కోర్టు అనుమతి లేకుండా నోటు మీద అప్పిచ్చినవాళ్ళు మీవారి మీద విడిగా వసూలుకు దిగలేరు. వంట పాత్రలు, కట్టుబట్టలు, పరుపుల్లాంటివి ముట్టుకోరు. ఇల్లు మాత్రం పోతుంది. రైతు ఇంటికి ఉన్న మినహాయింపు వ్యాపారి ఇంటికి లేదు. ఈ మాట మీకు ఇప్పుడే తెలియడం మంచిది.

చాలామంది చేసే తప్పు ఇంకొకటుంది. దివాలాదారుగా ప్రకటించగానే పని అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చుంటారు. అప్పుల నుంచి విముక్తి ఇమ్మని, దాన్నే డిశ్చార్జి అంటాం, కోర్టు పెట్టిన గడువులోగా మళ్ళీ దరఖాస్తు చేసుకోవాలి. చేయకపోతే ఆ ప్రకటనే రద్దవుతుంది, అందరూ మళ్ళీ మీద పడతారు. డిశ్చార్జి ఇచ్చేటప్పుడు జడ్జిగారు చూసేవాటిలో ముఖ్యమైనది, ఆస్తి బాకీల్లో సగానికైనా సరిపోతుందా అన్నది. మీ లెక్క చూడండి. కట్టినవి 2 లక్షల 17 వేలు పోను 16 లక్షల 43 వేలు, స్నేహితుడిది కలిపితే దాదాపు 18 లక్షలు. ఇల్లు 8 లక్షలు. సగం రావడం లేదు. అప్పుడు, ఈ పరిస్థితి మా చేతుల్లో లేని కారణాల వల్ల వచ్చిందని మీవారు చూపించాలి. అందుకే ఆసుపత్రి బిల్లులు, ఎక్స్‌రేలు, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపినప్పుడు ఇచ్చిన కాగితం, ఏడు కిస్తీలు రాసిన పెద్దమనిషి పుస్తకం, ఇవన్నీ ఒక సంచిలో పెట్టి దాచండి. ఏడు నెలలు మాట నిలబెట్టుకున్నారన్నదానికి అంతకంటే సాక్ష్యం ఉండదు.

పెద్దమనుషుల ఒప్పందం తప్పిపోయింది కదా అని అదంతా వృథా అనుకోకండి. ప్రతి ప్రామిసరీ నోటు వెనకా చెల్లు పడిందో లేదో కనుక్కోండి. దావా వేసినాయన తీసుకున్న ఏడు నెలల డబ్బును అందులో చూపించారో లేదో చూడండి, చూపించకపోతే మీ జవాబులో రాయాలి. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి, నాలుగు రోజులు అప్పుడే అయిపోయాయి. ఇంకో సంగతి, ఐపీలో దివాలా ప్రకటన తర్వాత కూడా కోర్టు ద్వారానే కిస్తీల ఒప్పందం చేసుకోవచ్చు. అప్పు రుజువై హాజరైన వాళ్ళలో ఎక్కువ మంది, విలువలో నాలుగింట మూడు వంతుల అప్పున్నవాళ్ళు ఒప్పుకుని, కోర్టు ఆమోదిస్తే, సంతకం పెట్టని వాళ్ళకూ అది వర్తిస్తుంది. పెద్దమనుషులకు లేని బలం అదే. ఆ కిస్తీ కూడా తప్పితే కోర్టు ఒప్పందాన్ని రద్దు చేసి మళ్ళీ దివాలా అని ప్రకటించవచ్చు. కాబట్టి మీవారు నడవగలిగి, చేతికి ఏదో ఒక పని దొరికాక, నెలకు నిజంగా ఎంత కట్టగలరో తేలాకే ఆ దారి. 31 వేలు అప్పుడే ఎక్కువని నాకనిపిస్తోంది. అయిదేళ్ళపాటు ఇంట్లో ఎవరికీ జబ్బు చేయదని అనుకుని వేసిన లెక్క అది.

జైలు గురించి. బాకీ కట్టాలని కోర్టు డిక్రీ, అంటే తీర్పు ఇచ్చాక, స్థోమత ఉండీ ఎగవేసిన మనిషిని సివిల్ జైల్లో పెట్టవచ్చు, అదీ మూడు నెలలకు మించకుండా. డబ్బు లేకపోవడం ఒక్కటే కారణంగా జైల్లో పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. బాకీ డిక్రీకి ఆడవాళ్ళను అసలు అరెస్టు చేయరు. చెక్కుల సంగతి వేరు. చెక్కు బౌన్సయితే అది క్రిమినల్ కేసు, ఐపీ పెట్టినంత మాత్రాన ఆగదు. నోటీసు వస్తే పక్కన పడేయకుండా 15 రోజుల్లోగా లాయరుతో జవాబు ఇప్పించండి.

మీరు సంతకం చేసిన నోటుకు మీరూ బాకీదారే. మీవారి ఐపీ మిమ్మల్ని కాపాడదు. మీ అన్నయ్యనూ కాపాడదు, మీవారికి డిశ్చార్జి వచ్చినా జామీను ఉన్నవాళ్ళ బాధ్యత పోదు. ఈ సంగతి మీ అన్నయ్యకు కోర్టు నోటీసు చూసి తెలియకూడదు. మీరే వెళ్ళి చెప్పండి, కోప్పడితే పడనివ్వండి. మీ అమ్మాయి ఏ కాగితం మీదా సంతకం చేయలేదు కాబట్టి ఆమె మీదికి ఎవరూ రాలేరు. సంబంధం వాళ్ళకు మాత్రం దాచకండి. పెళ్ళి ఖర్చుకని కొత్త అప్పు అసలే వద్దు. దివాలా ప్రకటన తర్వాత డిశ్చార్జి రాకముందు, ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు అప్పు తెచ్చినా అది నేరమే.

ఇంటికొచ్చి అరిచేవాళ్ళు బూతులు తిట్టినా, చేయి చేసుకున్నా స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. అప్పు అడగడం వాళ్ళ హక్కు, అది మాత్రం కాదు. లాయరు ఫీజుకు ఇబ్బందయితే మీ ఊరి కోర్టులోనే మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

మిగిలింది స్నేహితుడి లక్షన్నర. మీరు రాయలేదు గానీ, ఎక్కడైనా డబ్బు సర్ది ముందు ఆయనకు ఇచ్చేద్దామని మీవారి మనసులో ఉండే ఉంటుంది. ఐపీకి ముందు మూడు నెలల్లో ఒక్కరికే అలా మేలు చేయాలని ఇస్తే అదీ రద్దవుతుంది, ఆ స్నేహితుడు కోర్టుకెక్కాల్సి వస్తుంది. ఈ ఆదివారం మీవారి పక్కన కూర్చుని జాబితా మీరే రాయండి. ఆ స్నేహితుడి పేరు మొదట రాయండి, తర్వాత ఆ పదకొండు.