హ్యాకథాన్ పెడితే నా కోడింగ్ వెనకబడుతుందా?

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం విద్యార్థినిని. ఇప్పటిదాకా రెండు హ్యాకథాన్లలో (జట్లుగా కూర్చుని ఒకటి రెండు రోజుల్లో ఏదైనా ప్రోగ్రాం తయారుచేసే కోడింగ్ పోటీల్లో) పాల్గొన్నాను, దేనిలోనూ గెలవలేదు. మా దగ్గరి గ్రంథాలయానికి పనికొచ్చేలా, ఆసక్తి ఉన్నవాళ్లెవరైనా రాగలిగే హ్యాకథాన్ ఒకటి మేమే పెడదామని ఐదుగురు స్నేహితులం అనుకుంటున్నాం. నాన్న మాత్రం "పోటీలో కూర్చోవాల్సినదానివి, కుర్చీలు సర్దే పని నెత్తికెత్తుకుంటావా?" అంటున్నారు. దీనివల్ల ఉద్యోగానికి నిజంగా ఉపయోగం ఉంటుందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ నాన్నగారి మాటలో సగం నిజముంది. ముందు అదే చెప్తాను.

'హ్యాకథాన్ ఆర్గనైజర్' అని రాసుకున్న రెజ్యూమేలు నా దగ్గరికి చాలా వస్తాయి. ఏం చేశావమ్మా అని అడిగితే హాలు మాట్లాడాం, పోస్టర్లు వేశాం, అతిథుల్ని పిలిచాం అంటారు. అది తక్కువ పనేమీ కాదు, చేసినవాళ్లకే ఆ కష్టం తెలుస్తుంది. కానీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసే మనిషికి అందులో పట్టుకుని అడగడానికి ఏమీ దొరకదు. మీరూ అంతవరకే చేసేట్టయితే నాన్నగారి మాటే వినండి.

రెండో సగం మాత్రం ఆయనకు కనబడలేదు. అవసరం ఉన్న మనిషి దగ్గర కూర్చుని, ఆ అవసరాన్ని కోడ్ రాసేవాళ్లకు అర్థమయ్యేలా కాగితం మీద పెట్టి, వాళ్లు రాసినదాన్ని చివరికి ఆ మనిషి చేత వాడించడం ఉంది చూశారా, ఉద్యోగంలో చేరాక కూడా చాలామందికి అది రెండు మూడేళ్ల వరకు చేతికి రాదు. హ్యాకథాన్‌లో మీ చేతిలో ఉండాల్సిన పని అదే. హాలు, పోస్టర్లు స్నేహితులతో పంచుకోండి. దీన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

కాబట్టి పెట్టండి. చిన్నదిగా పెట్టండి. చిన్నది అంటే నామోషీ అనుకోవద్దు. హ్యాకథాన్ అనే మాట 1999లో వాడుకలోకి వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేసేవాళ్లు కెనడాలోని కాల్గరీలో కలిశారు. వచ్చింది పది మంది. బహుమతుల్లేవు, వేదిక లేదు. ఎన్‌క్రిప్షన్ కోడ్ (సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే కోడ్) ఎగుమతి మీద అమెరికాలో అప్పుడున్న ఆంక్షల వల్ల ఆ పని అమెరికా బయట చేయాల్సి వచ్చింది, అందుకే అక్కడ కూర్చున్నారు. అంటే వాళ్లంతా ఒకే గదిలోకి రావడానికి గట్టి కారణం ఉంది. మీకూ అలాంటి కారణం ఒకటి ఉండాలి. మొదటిసారికి 30 నుంచి 40 మంది, ముగ్గురు లేదా నలుగురు చొప్పున పది జట్లు, ఒకటి లేదా రెండు సమస్యలు. అంతకు మించొద్దు.

ఇక సమస్య ఎంపిక. పది వారాలు ముందుగా మొదలుపెడితే అందులో మూడు వారాలు దీనికే ఇవ్వాలని నేనంటాను. "చదివే అలవాటు పెంచే యాప్ చేయండి" అని ఇస్తే పది జట్లూ పది అందమైన స్క్రీన్లు చేస్తాయి, గ్రంథాలయానికి ఒక్కటీ పనికిరాదు. అలా కాకుండా లైబ్రేరియన్ పక్కన ఒకటి రెండు పూటలు కూర్చోండి. ఏ పనికి ఎంతసేపు పడుతోందో గమనించండి. అప్పుడు సమస్య ఇలా రాయగలుగుతారు: "గడువు దాటిన పుస్తకాలు ఏవో తెలుసుకోవడానికి లైబ్రేరియన్ రోజూ చేతిరాత రిజిస్టరు మొత్తం తిరగేస్తున్నారు. ఆ జాబితా ఒక్క నిమిషంలో కనబడాలి. పాత కంప్యూటర్‌లో నడవాలి. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేయాలి. కొత్తగా నేర్చుకోవాల్సింది పది నిమిషాలకు మించకూడదు." ఎవరి అవసరం, ఇప్పుడు ఎలా చేస్తున్నారు, ఏ పరిమితులున్నాయి అన్నీ అందులోకి వచ్చేశాయి. పరిష్కారం ఎలా ఉండాలో మాత్రం రాయలేదు. అది జట్లకు వదిలేయాలి.

దీనితోపాటు నమూనా డేటా కూడా మీరే తయారుచేయాలి. అసలు రిజిస్టరు ఫొటో తీసి ఇచ్చేయకండి. అందులో పాఠకుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారన్నది కూడా వాళ్ల సొంత విషయమే. అదే ఆకృతిలో కల్పిత పేర్లతో ఐదారు వందల వరుసలు తయారుచేసే చిన్న ప్రోగ్రాం రాయండి. అసలు రిజిస్టర్లో ఉండే తప్పులు కూడా అందులో పెట్టండి: ఒకే పేరు రెండు రకాలుగా రాసి ఉండటం, తేదీ లేని వరుస, అట్ట చిరగడం వల్ల సగమే రాసిన పుస్తకం నంబరు. నాన్నగారు అడుగుతున్న కోడింగ్ ఇదిగో, ఇక్కడుంది.

సమయం విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. రాత్రంతా మేల్కొనే పద్ధతి వద్దు. హ్యాకథాన్ అంటే 24 గంటలో 36 గంటలో ఏకబిగిన ఉండాలని చాలామంది అనుకుంటారు. తెల్లవారుజామున మూడింటికి రాసిన కోడ్‌ను ఉదయం దిద్దుకోవడానికే సగం పూట పోతుంది. పైగా చంటిపిల్లలున్నవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునేవాళ్లు, ఆరోగ్యం సరిగా లేనివాళ్లు మొదటే తప్పుకుంటారు. అందరి కోసం అని పెట్టి అలాంటివాళ్లు రాలేకుండా చేస్తే ఎలా? శని, ఆదివారాలు రెండు రోజులు పగటిపూట చాలు. 18 ఏళ్లలోపు వాళ్లు వస్తుంటే తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఎవరైనా ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పాలో, చెప్తే ఏం చేస్తారో నియమావళిగా రాసి, పేరు నమోదు చేసుకునేటప్పుడే చదివించండి. ఆ బాధ్యత తీసుకునే ఇద్దరు ఎవరో రెండు రోజులూ అందరికీ తెలిసేలా ఉండాలి.

ఆ రోజున దెబ్బతీసేవి పెద్ద విషయాలు కావు. మొదటిది వైఫై. 40 మంది వస్తే ల్యాప్‌టాప్, ఫోన్ కలిపి 80 పరికరాలు. ఇంట్లో వాడే రౌటర్ దాన్ని మోయలేదు. రెండోది కరెంటు. ఛార్జర్ ఒక్కోటి 65 వాట్లు అనుకున్నా 40 ల్యాప్‌టాప్‌లకు 2,600 వాట్లు. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో బోర్డు తగిలించుకుంటూ పోతే ప్రమాదం. ఏ ప్లగ్గులు ఏ లైను మీద ఉన్నాయో ఆ భవనం ఎలక్ట్రీషియన్ చేత ముందే చూపించుకోండి. మూడోది చాలామందికి తట్టదు: ఇన్‌స్టలేషన్. పది జట్లూ ఒకేసారి పెద్ద పెద్ద ఫైళ్లు డౌన్‌లోడ్ చేయడం మొదలుపెడితే మొదటి రెండు గంటలు ఎవరి స్క్రీన్ మీదా ఏమీ కదలదు. కావాల్సిన సాఫ్ట్‌వేర్ జాబితా వారం ముందే పంపండి. అయినా కొందరు చేసుకోకుండానే వస్తారు, వాళ్ల కోసం నాలుగు పెన్‌డ్రైవ్‌లలో అన్నీ పెట్టుకోండి. మొదటి గంట గిట్ (జట్టంతా కలిసి కోడ్ రాస్తూ, ఎవరు ఏం మార్చారో చూసుకునే టూల్) ఎలా వాడాలో నేర్పించండి. ఒంటరిగా వచ్చినవాళ్లను మీరే దగ్గరుండి జట్లలో కలపండి. కొత్తగా కోడింగ్ నేర్చుకుంటున్న పిల్ల ఒక మూల కూర్చుని మధ్యాహ్నానికి ఇంటికెళ్లిపోయిందంటే, మిగతా ఏర్పాట్లు ఎంత బాగున్నా ఆ పిల్లకు మీ హ్యాకథాన్ అక్కడితో అయిపోయినట్టే. మూడు జట్లకు ఒక మెంటార్ ఉంటే చాలు. కోడ్ తాను రాసిపెట్టకుండా ప్రశ్నలు వేసే మనిషి అయి ఉండాలి.

పేర్లు ఇచ్చినవాళ్లంతా రారు. ఉచితంగా పెట్టే ఏ కార్యక్రమానికైనా ఇది మామూలే, టెన్షన్ పడకండి. వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఒకసారి "వస్తున్నారా?" అని అడగండి. కాదన్నవాళ్ల చోటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు ఇవ్వండి.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. చోటు, భోజనం, వైఫై ఎవరైనా సమకూరిస్తే నగదు అవసరం చాలావరకు తగ్గుతుంది. లెక్క మొత్తం చివర్లో అందరికీ చూపించండి. పాల్గొన్నవాళ్ల ఫోన్ నంబర్లు ఇమ్మని స్పాన్సర్ అడిగితే, వాళ్లు విడిగా ఒప్పుకుంటే తప్ప ఇవ్వకండి.

బహుమతుల మీద మాత్రం ఆలోచించాలి. డిజిటల్‌ఓషన్ అనే కంపెనీ 2014 నుంచి ఏటా అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ నడుపుతోంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు, అంటే ఎవరైనా కోడ్ చూసి మార్చగలిగే ప్రాజెక్టులకు, నిర్ణీత సంఖ్యలో పుల్ రిక్వెస్టులు (కోడ్‌లో ఈ మార్పు కలుపుకోండి అనే విన్నపాలు) పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చేవారు. 2020లో ఆ టీషర్టు కోసం రీడ్‌మీ ఫైల్లో (ప్రాజెక్టు ఏమిటో చెప్పే పరిచయ ఫైల్లో) ఒక మాట అటూఇటూ మార్చి పంపినవాళ్లు పోటెత్తారు. ప్రాజెక్టులు చూసుకునేవాళ్లు విసిగిపోయారు. చివరికి నియమం మార్చి, మేం ఇందులో ఉంటాం అని ముందుగా చెప్పిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకున్నారు. మీరు దేనికి బహుమతి ఇస్తారో జనం దాన్నే తయారుచేస్తారు. మెరిసే ప్రెజెంటేషన్‌కు ఇస్తే స్లైడ్లే వస్తాయి. లైబ్రేరియన్ తనంతట తాను వాడి చూసి, పని అయిందని చెప్పినదానికి ఇవ్వండి.

జడ్జీల విషయంలో నేనే ఒకసారి ఇబ్బంది పడ్డాను. ఒకచోట నన్ను జడ్జీగా పిలిచారు. 38 జట్లు, ఒక్కో జట్టుకు వేదిక మీద 5 నిమిషాలు. లెక్క ప్రకారమే మూడు గంటల పది నిమిషాలు. కేబుల్ మార్చడాలు, మైకు సర్దడాలతో నాలుగున్నర గంటలైంది. చివరి జట్టు మాట్లాడేసరికి మొదటి జట్టు ఏం చేసిందో నాకు కాగితం చూసుకున్నా గుర్తు రాలేదు. ఆ పిల్లలకు అన్యాయం జరిగిందన్న బాధ ఇప్పటికీ ఉంది. మీరు వేదిక పెట్టకండి. జట్లు ఎవరి బల్ల దగ్గర వాళ్లు ఉంటారు, జడ్జీలే తిరుగుతారు. పది జట్లు, ఒక్కో జట్టును ముగ్గురు చూడాలంటే మొత్తం 30 సందర్శనలు. ఐదుగురు జడ్జీలుంటే తలా ఆరు. ఒక్కోదానికి 7 నిమిషాలు ఇచ్చినా ముప్పావు గంటలో అయిపోతుంది. దేనికి ఎన్ని మార్కులో మొదటి రోజు ఉదయమే చెప్పేయండి.

ఏఐ టూల్స్ వాడొచ్చా అని తప్పకుండా అడుగుతారు. వద్దని చెప్పినా పట్టుకోలేరు, కాబట్టి వాడుకోమనండి. ఏది ఎక్కడ వాడారో రీడ్‌మీలో రాయాలని, జడ్జీ వేలు పెట్టి చూపించిన భాగాన్ని జట్టులో ఎవరైనా వివరించగలగాలని నియమం పెట్టండి. రాసిన కోడ్ రాసినవాళ్లదేనని, గ్రంథాలయం వాడుకోవడానికి వీలుగా ఎంఐటీ లైసెన్స్ (కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చని, మార్చుకోవచ్చని చెప్పే అనుమతి పత్రం) లాంటిది పెట్టాలని నమోదు సమయంలోనే తెలియజేయండి. గెలిచాక చెప్తే గొడవలవుతాయి.

ఆదివారం సాయంత్రం ఫొటోలు దిగాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. మీ రెజ్యూమేకి అసలు బలం ఆ తర్వాతి ఆరు వారాల్లో వస్తుంది. రెండు రోజుల్లో తయారైనది నమూనా మాత్రమే, రోజూ వాడితే విరిగిపోతుంది. బాగా కుదిరిన ఒక్కదాన్ని తీసుకోండి, ఆ జట్టులో ఇష్టమున్నవాళ్లతో కలిసి మీరూ కోడ్ రాయండి. డేటా బ్యాకప్ ఎలా, పాడైతే ఎవరికి ఫోన్ చేయాలి, పాస్‌వర్డులు ఎవరి దగ్గరుంటాయి అన్నది ఒక పేజీలో రాసి లైబ్రేరియన్ చేతికివ్వండి. ఆవిడ నెల రోజులు వాడి "ఇది నాకు అక్కర్లేదు" అన్నా సరే, ఎందుకు అక్కర్లేదో రాసి పెట్టుకోండి.

అప్పుడు రెజ్యూమేలో 'ఆర్గనైజర్' అన్న ఒక్క పదం బదులు నాలుగు వాక్యాలు రాయగలరు: ఎంతమంది వచ్చారు, ఏ సమస్య, మీరు రాసిన కోడ్ ఏది, ఇప్పుడు దాన్ని ఎవరు వాడుతున్నారు. 34 మంది వస్తే 34 అనే రాయండి, గుండ్రంగా 50 చేయకండి. "ఏం తప్పు జరిగింది?" అని ఇంటర్వ్యూలో అడుగుతారు. అందుకే ఆ రెండు రోజులూ జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రొడక్ట్, ప్రోగ్రాం మేనేజ్‌మెంట్, డెవలపర్ రిలేషన్స్ (కంపెనీకి, దాని టూల్స్ వాడే డెవలపర్లకు మధ్య వారధిగా ఉండే పని) వైపు వెళ్లాలనుకుంటే ఈ అనుభవం నేరుగా పనికొస్తుంది. డెవలపర్ ఉద్యోగానికైతే కోడింగ్ టెస్ట్ ఎలాగూ రాయాల్సిందే, దాన్ని ఈ అనుభవం తప్పించదు. అందుకని ఈ పది వారాల్లో రోజుకు ఒక గంట సాధన ఆపకండి. పరీక్షలకు నాలుగు వారాల దూరంలో తేదీ పెట్టుకోండి. పాస్ కావాల్సిన పాత సబ్జెక్టులు ఏమైనా మిగిలి ఉంటే ఈసారి స్నేహితురాలికి బాధ్యత అప్పగించి, మీరు సమస్య రాసే పని, డేటా పని మాత్రం చేయండి.

నాన్నగారితో వాదన పెట్టుకోవద్దు. ముందు లైబ్రేరియన్‌ను కలిసి రండి. తర్వాత ఒక కాగితం మీద పరీక్షల తేదీలు, రోజువారీ సాధన గంట, హ్యాకథాన్ తేదీ, మీరు స్వయంగా రాయబోయే రెండు ప్రోగ్రాముల (నమూనా డేటా తయారుచేసేది, చివరికి గ్రంథాలయానికి ఇచ్చేది) పేర్లు రాసి ఆయన ముందు పెట్టి మాట్లాడండి.