మాస్టారు గుర్తుపట్టకపోయినా వెళ్లిరండి

సఖినేటిపల్లి దగ్గర పల్లెలో పుట్టి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్న ఒక సోదరి రాశారు: "1996 నవంబరు తుపానుకి మా కొబ్బరితోట నేలమట్టమైంది. నాన్న పదో తరగతిలోనే చదువు మాన్పించబోతే, లెక్కల మాస్టారు ఇంటికొచ్చి ఒప్పించారు. పరీక్ష ఫీజూ ఆయనే కట్టారు. తర్వాత పంటు ఎక్కి గోదావరి దాటి నరసాపురంలో ఇంటర్ చదివాను. ఇప్పుడు ఆయనకి మతిమరుపు జబ్బు. ఎవరినీ గుర్తుపట్టడం లేదని వాళ్లమ్మాయి ఫోన్‌లో చెప్పారు. నన్ను కూడా గుర్తుపట్టకపోతే తట్టుకోలేను. వెళ్లాలా, వద్దా?"

వెళ్లండమ్మా. ఆలస్యం చేయకండి.

ఆ తుపాను కోనసీమని ఏం చేసిందో తెలిసినవాళ్లకి మీ మాస్టారి విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికే అయిదారేళ్లు పడుతుంది. కాయలు దింపి అమ్మిన డబ్బుల మీద బతికే ఇంటికి అన్నేళ్లూ కటకటే. అలాంటి రోజుల్లో ఒక ఆడపిల్ల చదువు కోసం గడప తొక్కి మాట్లాడారంటే ఆయనకి మీ మీద ఎంత నమ్మకం ఉండాలి!

ఈ జబ్బులో సాధారణంగా కొత్త సంగతులు ముందు పోతాయి, పాతవి ఎక్కువకాలం నిలుస్తాయి. పొద్దున టిఫిన్ తిన్న సంగతి మర్చిపోయినవాళ్లు కూడా చిన్నప్పటి ఎక్కాలు, పద్యాలు గడగడా చెప్పేస్తుంటారు. అయినా సరే, "నన్ను గుర్తుపట్టారా మాస్టారూ?" అని మాత్రం అడగకండి. పాపం, ఆయన కంగారు పడిపోతారు. మీ పేరు, ఊరు, నాన్నగారి పేరు మీరే చెప్పండి. పదో తరగతి గ్రూప్ ఫొటో ఉంటే తీసుకెళ్లండి. సాయంత్రమయ్యేసరికి చాలామందికి చికాకు ఎక్కువవుతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లండి. వేరే ఎవరి పేరుతోనో పిలిస్తే సరిదిద్దకుండా పలకండి.

గుర్తుపట్టకపోతే ఏడుపొస్తుంది. రానివ్వండి. కాసేపు అవతలికెళ్లి అరుగు మీద కూర్చోండి. మీ మీద అభిమానం పోయిందని మాత్రం అనుకోవద్దు, అది జబ్బు లక్షణం.

నాకు వాళ్లమ్మాయి గురించే ఎక్కువ బెంగగా ఉంది. రాత్రీ పగలూ చూసుకుంటున్నది ఆవిడే కదా. మీ ఫీజు కట్టిన సంగతి ఆయన ఇంట్లో చెప్పారో లేదో! ఆవిడని కూర్చోబెట్టి అంతా చెప్పండి. వీలైతే ఒక పూట మాస్టారి దగ్గర మీరుండి, ఆవిడని పని చూసుకురమ్మనండి. బి12 లోపం, థైరాయిడ్ లాంటివాటి వల్ల వచ్చే మతిమరుపు మందులతో తగ్గే అవకాశం ఉంది. ఆ పరీక్షలు చేయించారో లేదో మెల్లగా కనుక్కోండి. డబ్బు సాయం చేయాలనిపిస్తే మాస్టారి చేతిలో పెట్టకండి, ఏం అవసరమో ఆవిడనే అడగండి.