పచ్చళ్ల సీసాలకి ఏ బార్‌కోడ్ లేబుల్ వాడాలి?

సీసాల మీద ఈఏఎన్ (సరుకుని గుర్తించే మామూలు బార్‌కోడ్) అచ్చయి ఉంది కదా, అమెజాన్ వేర్‌హౌస్‌కి పంపడానికి మళ్లీ స్టిక్కర్ ఎందుకు, ఏ రోల్ కొనాలి అని అడిగారు. మేమూ పచ్చళ్లు, పొడులే ఎఫ్‌బీఏలో, అంటే అమెజాన్ వేర్‌హౌస్‌లో ఉంచి అమ్మే పద్ధతిలో పెడుతున్నాం కాబట్టి మా దగ్గర నిలబడిన పద్ధతి చెప్తానండి.

890తో మొదలయ్యే మీ ఈఏఎన్ అది ఏ సరుకో చెబుతుంది, ఏ సెల్లర్ పంపిన సీసానో చెప్పదు. ఎక్స్00తో మొదలయ్యే ఎఫ్‌ఎన్‌ఎస్‌కెయూ, అంటే అమెజాన్ ఇచ్చే బార్‌కోడ్, మీ ఖాతాకి ముడిపడి ఉంటుంది. పైగా గడువు తేదీ ఉన్న సరుక్కి అమెజాన్ ఈ లేబులే అడుగుతుంది. అందుకని పచ్చళ్ల విషయంలో రెండో ఆలోచన అక్కర్లేదు, ప్రతి సీసాకీ అంటించాల్సిందే.

అసలు జాగ్రత్త లేబుల్ రకం దగ్గర. రిబ్బన్ (సిరా పట్టీ) లేకుండా వేడితోనే అచ్చయ్యే డైరెక్ట్ థర్మల్ రోల్ చవకే, కొరియర్ స్లిప్పులకి చాలు. పచ్చడి మాత్రం నెలల తరబడి రాక్‌లో ఉంటుంది. మన ఎండాకాలపు వేడికి ఆ కాగితం నల్లబడుతుంది, నూనె తగిలితే గీతలు వెలిసిపోతాయి. రిబ్బన్‌తో అచ్చు వేసే థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటరే తీసుకోండి, 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కల అచ్చు) సరిపోతుంది. పొడి ప్యాకెట్లకి మేము క్రోమో పేపరు, వ్యాక్స్ రిబ్బన్ వాడతాం. ఆవకాయ, గోంగూర సీసాలకి పాలియెస్టర్ లేబులు, రెసిన్ రిబ్బన్. ఖర్చు ఎక్కువే, కానీ నూనె చేత్తో రుద్దినా గీత చెరగదు. సరుకు కొద్దిగానే పంపేవాళ్లు ఏ4 షీటు మీద లేజర్ ప్రింట్ తీసుకోవచ్చు. ఇంక్‌జెట్ వద్దు, తడి తగిలితే ఇంకు పాకుతుంది. ప్రింట్ కొట్టేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి 100 శాతం పెట్టండి, లేకపోతే గీతల వెడల్పు మారిపోతుంది.

సీసా గుండ్రం కాబట్టి ఇంకో సంగతి. బార్‌కోడ్‌ని మామూలుగా అడ్డంగా అంటిస్తే చివరి గీతలు వంపులోకి పోయి స్కానర్‌కి దొరకవు. సీసా నిలబెట్టినప్పుడు గీతలు నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి కనబడేలా తిప్పి అంటించండి.

స్టిక్కరు సరిగ్గా ఈఏఎన్ మీదే పడాలి. రెండు బార్‌కోడ్‌లు కనిపిస్తే అక్కడివాళ్లు ఏది స్కాన్ చేస్తారో మన చేతిలో ఉండదు. పూర్తి సైజు ఈఏఎన్ 37.29 × 25.93 మి.మీ. ఉంటుంది, 50 × 25 లేబుల్ దాన్ని పూర్తిగా కప్పదు. తర్వాతి డిజైన్‌లో ఈఏఎన్‌ని 80 శాతానికి తగ్గించమనండి, ఆ సైజు నిబంధనలకి లోబడే ఉంటుంది. ఎమ్మార్పీ, తయారీ తేదీ, గడువు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు మీద మాత్రం స్టిక్కరు అంచు కూడా పడకూడదు.

బబుల్ ర్యాప్ చుట్టి పంపేటట్టయితే లేబులు ర్యాప్ పైన ఉండాలి, లోపల కాదు. అట్టపెట్టె మీద వేసే షిప్‌మెంట్ లేబులు వేరే. దాన్ని పెట్టె మూత అతుకు మీద అంటించకండి, విప్పేటప్పుడు బ్లేడు సరిగ్గా అక్కడే దిగుతుంది.