‘మై విలేజ్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్’ తరవాత ఏం రాయించాలి?

ఇంగ్లీషు రాత గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు రిటైర్డ్ హైస్కూలు ఇంగ్లీషు టీచరు జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వర్ణన గురించే.

ప్రశ్న: మేడమ్ గారూ, ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. మీ ఇంటి గురించి రాయండి అంటే క్లాసంతా ఒకటే పేరా. ‘మై హౌస్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్. ఇట్ హేజ్ త్రీ రూమ్స్. ఐ లవ్ మై హౌస్ వెరీ మచ్.’ రేకుల ఇంట్లో ఉండే పిల్లా అదే రాస్తుంది, రెండంతస్తుల డాబాలో ఉండే పిల్లాడూ అదే రాస్తాడు. వర్ణన రాయడం ఎలా నేర్పాలి?
– ఒక టీచరు, వినుకొండ

జవాబు: మీ పిల్లల ఇంగ్లీషు గురించి తరవాత మాట్లాడుకుందాం. ముందు మనం ఇచ్చే ప్రశ్న సంగతి చూడండమ్మా. ‘మీ ఇంటి గురించి రాయి’ అంటే ఎవరికోసం రాయాలి? మార్కులు వేసే టీచరుకి తప్ప ఆ పేరా ఇంకెవరికీ అక్కర్లేదని వాడికి బాగా తెలుసు. అందుకే గైడులో ఉన్నది దించేసి ఆటకి పోతాడు. చదివినవాళ్లు ఆ పేరాతో ఏదో ఒక పని చేసేలా ఉంటే, రాసేవాడు వస్తువుని ఒకసారి తిప్పి చూస్తాడు.

నేను రిటైరయ్యే ముందు ఏళ్లలో సత్తెనపల్లి దగ్గర బడిలో చేయించిన పని చెబుతాను. ప్రభుత్వం కిట్‌లో ఇచ్చే స్కూలు బ్యాగులు అందరివీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కదా. వాటన్నిటినీ గోడవారగా వరసలో పెట్టించేదాన్ని. ‘నీ బ్యాగు పోయింది. పక్క సెక్షన్ వాళ్లకి చీటీ రాయి. పేరు రాయకూడదు. వాళ్లు చీటీ చదివి నీ బ్యాగు పట్టుకురావాలి’ అనేదాన్ని. ‘ఇట్ ఈజ్ ఎ వెరీ నైస్ బ్యాగ్’ అని రాసినవాడి చీటీ చీటీలాగే తిరిగొచ్చేది. వాడు గుర్రుగా చూసి, మళ్లీ వెళ్లి బ్యాగు దగ్గర గొంతుక్కూర్చునేవాడు. చిన్న జేబు జిప్పుకి పిన్నీసు పెట్టి ఉందని, ఎడమ పట్టీని నల్లదారంతో కుట్టారని, అడుగున సిరా మరక ఉందని అప్పుడు కనిపించేది. అక్కణ్నుంచి ‘మేడమ్, పిన్నీసుని ఏమంటారు? కుట్టు ఊడిపోతే ఏమంటారు?’ అని వాడే అడుగుతాడు. మనం మాటల పట్టిక ఇచ్చి బట్టీ పెట్టించనక్కర్లేదు.

ఇక్కడే మన పిల్లలకి అడ్డొచ్చే చోటు ఒకటుంది. తెలుగులో ‘జిప్పు పోయిన, పట్టీకి నల్లదారంతో కుట్టేసిన నీలం బ్యాగు’ అని వివరాలన్నీ ముందు చెప్పి బ్యాగుని చివర పెడతాం. ఇంగ్లీషులో ఇలాంటి వివరాలు బ్యాగు తరవాత వస్తాయి. ‘ఎ బ్లూ బ్యాగ్ విత్ ఎ బ్రోకెన్ జిప్.’ ఈ ‘విత్’ ఒక్కటి బాగా పట్టుబడితే వర్ణన సగం నడిచిపోతుంది. ‘ఎ మ్యాన్ విత్ ఎ టవల్ ఆన్ హిజ్ షోల్డర్’, ‘ఎ హౌస్ విత్ ఎ నీమ్ ట్రీ ఇన్ ఫ్రంట్.’ ‘విచ్’, ‘హూ’ పెట్టి సాగదీయడం ఆ తరవాతి నెల చూసుకోవచ్చు.

ఇక క్రమం. ముందు జంటలుగా మాట్లాడించండి. వాళ్లన్న మాటలు బోర్డు మీద రాయండి. తరవాత మీరే బోర్డు దగ్గర నిలబడి, ఎవరి బ్యాగునో ఒకదాన్ని చేత్తో పట్టుకుని, పిల్లల్ని అడుగుతూ ఒక పేరా రాయండి. కొట్టేయండి, మార్చండి, ‘ఈ మాట కంటే మంచిది ఎవరికైనా తోచిందా?’ అనండి. ఆ తరవాతే ఎవరి పేరా వాళ్లు. ఈ మధ్య మెట్టునే మనవాళ్లు ఎగ్గొట్టేస్తారు. నమూనా పేరా చదివేసి, ‘ఇక మీరు రాయండి’ అని కుర్చీలో కూర్చుంటారు. నమూనా విప్పి చూడటం, అందరూ కలిసి రాయడం, ఆ తరవాత ఒంటరిగా రాయడం అనే ఈ వరస ఆస్ట్రేలియాలో 1980ల్లో జిమ్ మార్టిన్, జోన్ రోథరీ లాంటివాళ్లు సిడ్నీలో చేసిన పని నుంచి వచ్చింది. ఇండోనేషియా బళ్లలో అయితే ‘డిస్క్రిప్టివ్ టెక్స్ట్’ అని దీన్ని విడిగా ఒక పాఠంగానే చెబుతారు. ముందు ఫలానా వస్తువని పరిచయం, ఆ తరవాత దాని లక్షణాలు. చట్రం మంచిదే. చట్రం చెప్పి ఆపేస్తే అక్కడి పిల్లాడు కూడా ‘వెరీ బ్యూటిఫుల్’ అనే రాస్తాడని నా అనుమానం.

బ్యాగు అయ్యాక ఇంటికి రండి. ఇల్లు మొత్తం వద్దు. ‘మీ ఇంటికి మొదటిసారి వస్తున్న మనిషి వీధి చివర నుంచి మీ గుమ్మం దాకా ఏం చూస్తూ రావాలి?’ అని అడగండి. రేకుల ఇంటి పిల్లా, డాబా పిల్లాడూ ఇక ఒకటే రాయలేరు.

ప్రశ్న: ట్యూషన్‌లో విశేషణాల క్రమం నేర్పుతున్నాను. అభిప్రాయం, సైజు, వయసు, ఆకారం, రంగు, ఊరు, ముడి సరుకు, ఉపయోగం. పిల్లలు వరస బట్టీ కొట్టి అప్పజెబుతున్నారు, రాసేటప్పుడు మాత్రం తప్పుతున్నారు. ఏం చెయ్యాలి?
– ఒక ట్యూషన్ మాస్టారు, ఖమ్మం

జవాబు: మాస్టారూ, ఆ ఎనిమిదీ వరసగా వచ్చే వాక్యం మీరు ఎప్పుడైనా సొంతంగా రాశారా? ఎవరూ రాయరు. ఒక పేరు ముందు రెండు, మహా అయితే మూడు. మన పిల్లలు తడబడటానికి కారణం ఉంది. తెలుగులో ‘పెద్ద ఎర్ర బొట్టు’ అన్నా, ‘ఎర్రటి పెద్ద బొట్టు’ అన్నా ఎవరూ ఉలిక్కిపడరు. ఇంగ్లీషులో ‘బిగ్ రెడ్’ అనే అంటారు. కాబట్టి రెండే చెప్పండి. రంగు కంటే సైజు ముందు. దేంతో చేశారో ఆ మాట వస్తువుని ఆనుకుని ఉండాలి. ‘ఎ బిగ్ ఓల్డ్ వుడెన్ కాట్.’ పదో తరగతికి ఇది చాలు.

అంతకంటే ముఖ్యం, విశేషణాలు పేర్చకుండా కూడా రాయించండి. ఒక కొండపల్లి బొమ్మ తెచ్చి పిల్లల చేతికివ్వండి. అది తెల్లపొణికి కర్రతో చేస్తారు, చాలా తేలిక. చూసి ‘బ్యూటిఫుల్, కలర్‌ఫుల్’ అని రాసే పిల్ల, చేతిలోకి తీసుకున్నాక ‘ఇట్ ఈజ్ లైటర్ దేన్ ఇట్ లుక్స్’ అనగలదు. ఆ మాట బొమ్మని ముట్టుకున్న మనిషే అనగలరు. దానికి నేనైతే నాలుగు విశేషణాల మార్కులు వేస్తాను.

ప్రశ్న: మా బడి ఇంగ్లీషు మీడియం. రాత క్లాసులో తెలుగు మాట్లాడనివ్వవచ్చా? మాట్లాడనిస్తే మా హెడ్మాస్టరు గారికి కోపం, మాట్లాడనివ్వకపోతే పిల్లలు నోరు విప్పరు.
– ఒక టీచరు, గుంటూరు

జవాబు: లెక్కలు, సైన్సు పుస్తకాలే ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు అచ్చు వేసి ఇస్తున్నారని వారితో చెప్పి చూడండి. అయినా ఒప్పుకోకపోతే తలుపు దగ్గరగా వేసుకోండి.

మాట్లాడనివ్వాలి, కాకపోతే ఎక్కడ ఆపాలో తెలియాలి. చూడటం, గుర్తు చేసుకోవడం తెలుగులో. వాక్యం కట్టడం ఇంగ్లీషులో. పేరా మొత్తం తెలుగులో రాసి తరవాత ఇంగ్లీషులోకి మార్చమని మాత్రం అనకండి. అలా చేస్తే తెలుగు వాక్యాన్నే ఇంగ్లీషు మాటలతో నింపుతారు.

మీది గుంటూరు కాబట్టి ఆ ఊరి సంగతే చెబుతాను. ‘మార్కెట్’ అని టాపిక్ ఇస్తే గైడు ఏమంటుంది? ‘ది మార్కెట్ ఈజ్ ఎ బిజీ ప్లేస్. మెనీ పీపుల్ కమ్ టు బై అండ్ సెల్.’ ఈ వాక్యాలు ప్రపంచంలో ఏ మార్కెట్‌కైనా సరిపోతాయి. మీ క్లాసులో మిర్చి యార్డులో హమాలీ పని చేసేవాళ్ల పిల్లలు ఉంటారు. వాళ్లని తెలుగులో అడగండి, ‘యార్డు గేటు దాటగానే ముందు ఏం తెలుస్తుంది?’ అని. ‘తుమ్ములొస్తాయి మేడమ్’ అంటారు. ఆ తరవాత కళ్లు మండుతాయి, ఆ తరవాత టిక్కీల వరసలు కనపడతాయి, వాటి మీద కూర్చుని టీ తాగేవాళ్లు కనపడతారు. ఇప్పుడు బోర్డు మీద ఇంగ్లీషులో కట్టించండి. ‘యూ స్నీజ్ బిఫోర్ యూ సీ ద చిల్లీస్.’ ఇందులో కష్టమైన మాట ఒక్కటి కూడా లేదు. స్నీజ్ అనే మాట తెలియకపోతే మీరు తుమ్మి చూపించండి.

టిక్కీకి ఇంగ్లీషు ఏమిటని పిల్లలు ఆగిపోతారు. టిక్కీ అనే రాసి, కామా పెట్టి, మిరపకాయల గోనె బస్తా అని పక్కన చెప్పమనండి. పరీక్షలో దిద్దేవాళ్లకీ అర్థమవుతుంది.

ఇంకొకటి. వర్ణనలో కళ్లకి ఇచ్చిన చోటు ముక్కుకీ చెవికీ చేతికీ ఇవ్వడం లేదు మనం. అలాగని ‘పంచేంద్రియాలతో రాయండి’ అని ఐదు గళ్ల పట్టిక ఇస్తే, గుడి గురించి రాసే పిల్లాడు రుచి గడి నింపడానికి గోడని కూడా నాకేలా ఉంటాడు. ఏది ముందు తగిలితే అది రాయనివ్వండి.

ప్రశ్న: విదేశాల్లో చదువు కోసం ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాస్తున్నాను. స్పీకింగ్‌లో ‘ఒక చారిత్రక కట్టడాన్ని వర్ణించండి’ అనే కార్డుకి కోచింగ్‌లో చార్మినార్ జవాబు ఇచ్చారు. అందులో ‘బ్రెత్‌టేకింగ్, మెస్మరైజింగ్, పిక్చరెస్క్’ అన్నీ ఉన్నాయి. బట్టీ కొడుతున్నాను, చెప్పేటప్పుడు టెన్షన్‌తో మర్చిపోతున్నాను.
– ఒక బీటెక్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మర్చిపోవడం మంచిదే బాబూ. బట్టీ జవాబు వినగానే పరీక్ష తీసుకునేవాళ్లకి తెలిసిపోతుంది. కార్డు చేతికిచ్చాక ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇస్తారు, రెండు నిమిషాల వరకు మాట్లాడొచ్చు. ఆ ఒక్క నిమిషంలో మాటలు వెతక్కు. ఎక్కడ నిలబడి చూస్తున్నావో తేల్చుకో.

నీ జవాబు మొదట్లో ‘1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు’ అని ఉంటుంది కదా. అది సమాచారం. ఒక వాక్యం ఉంటే చాలు. వర్ణన దాని తరవాత మొదలవుతుంది. గుల్జార్ హౌజ్ వైపు నుంచి నడిచి వస్తున్నావనుకో. దూరం నుంచి నాలుగు మినార్లు, వాటి మధ్య కమాను. దగ్గరికొస్తే కమాను మీద గడియారం. నాలుగు వైపులా నాలుగు గడియారాలున్నాయి. ఇంకా దగ్గరికొస్తే సున్నం పూతలో చెక్కిన పూలు. అక్కణ్నుంచి పక్కకి తిరిగితే లాడ్ బజారు, గాజుల దుకాణాల మెరుపు. దూరం నుంచి దగ్గరికి, పైనుంచి పక్కకి. వరస ఉంటే మాట తడబడినా దారి తప్పవు. అన్నీ వర్తమానంలో చెప్పు, కట్టించిన సంగతి ఒక్కటే భూతకాలం. ‘మెస్మరైజింగ్’ బదులు ‘ఐ ఆల్వేస్ లుక్ అప్ అండ్ బంప్ ఇంటు సమ్‌వన్’ అను. ఆ రద్దీలో తలెత్తి నడిస్తే జరిగేది అదే.

అకడమిక్ రైటింగ్ మొదటి టాస్క్‌లో గ్రాఫు ఇస్తారు, అదీ వర్ణనే. కనీసం 150 మాటలు, 20 నిమిషాల్లో ముగించుకోవడం మంచిది. పెద్ద మార్పు ముందు చెప్పు, చిన్నవి తరవాత. ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది అని కారణాలు ఊహించకు. అడగలేదు.

ప్రశ్న: వర్ణన పేరాలు దిద్దుతుంటే పేజీ అంతా ఎర్రగా అయిపోతోంది. తిరిగిచ్చాక పిల్లలు మార్కు చూసి మూసేస్తున్నారు.
– ఒక స్కూల్ అసిస్టెంట్, నల్గొండ

జవాబు: ఒక్కో పేరాకి ఒకే రకం తప్పు దిద్దండి. ఈ వారం ఏది దిద్దుతారో పిల్లలకి ముందే చెప్పండి.

ఏది ముందు? నేనైతే ‘ఈజ్’ మింగేయడంతో మొదలుపెడతాను. ‘మా అరుగు ఎత్తు’ అని తెలుగులో క్రియ లేకుండానే వాక్యం పూర్తవుతుంది, అందుకే ‘అవర్ వరండా హై’ అని రాస్తారు. ఆ తరవాత ‘షి ఈజ్ హేవింగ్ లాంగ్ హెయిర్.’ ఉండటం, తెలియడం, ఇష్టపడటం లాంటి వాటికి వర్ణనలో ‘ఇంగ్’ అక్కర్లేదని చెప్పండి. మూడోది ‘ఎ’, ‘ద’. వీటిని నేర్పడానికి వర్ణన కంటే మంచి చోటు లేదు. వస్తువు మొదటిసారి కనిపిస్తే ‘ఎ గేట్’, రెండోసారి దాని దగ్గరికెళ్తే ‘ద గేట్’. ‘దేర్ ఈజ్ ఎ గేట్. ద గేట్ ఈజ్ ఆల్వేస్ ఓపెన్.’ రూలు చెప్పి ఉదాహరణ ఇవ్వడం కాదు, వాళ్ల పేరాలోనే గేటు ఎన్నోసారి వచ్చిందో వేలు పెట్టి చూపించండి.

బాగున్న వాక్యం కింద ఒక గీత గీయండి, క్లాసులో పైకి చదవండి. పేరు చెప్పనక్కర్లేదు, ఎవరిదో వాళ్లకి తెలుసు.

ప్రశ్న: వర్ణన రాయమంటే పిల్లలు ఫోన్‌లో ఏఐని అడిగి తెచ్చేస్తున్నారు. మా అబ్బాయి రాసిన ‘మై గ్రాండ్‌మదర్’ అద్భుతంగా ఉంది, కానీ అందులో ఉన్నావిడ మా అత్తగారు కాదు.
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: మీ అత్తగారినే చదివి వినిపించమనండి. ‘నేను స్వెట్టర్లు ఎప్పుడు అల్లానురా?’ అని ఆవిడే అడుగుతారు. తరవాత వాణ్ని ఆవిడ పక్కన కూర్చోబెట్టి, ఆవిడ తమలపాకులకు సున్నం రాసి, మడిచి నోట్లో పెట్టుకునే వరకు చేతుల్ని మాత్రమే చూసి రాయమనండి. ఐదు వాక్యాలు చాలు. ఫోన్ పక్క గదిలో.

వచ్చే నెల ప్రశ్నలు పంపేవాళ్లు పిల్లలు రాసిన పేజీ కూడా ఫొటో తీసి పంపండి. దయచేసి దిద్దకుండా పంపండి.