అమెరికా సామాన్యుడి అభిప్రాయాలు ఏ పార్టీవి? ఒహైయోలో మా వీధి నుంచి ఒక జవాబు

ప్రశ్న: అమెరికాలో ఒక మామూలు మనిషి రాజకీయాల గురించి, టెక్నాలజీ గురించి, ప్రభుత్వ విధానాల గురించి నిజంగా ఏమనుకుంటాడు? టీవీలో చూస్తే దేశం మొత్తం రెండుగా చీలిపోయినట్టు ఉంది. అది నిజమేనా?

జవాబు:

ఓటు ఎవరికని అడిగితే నిజమే. విషయం ఏమిటని అడిగితే కాదు.

నేను చాలా ఏళ్లుగా ఒహైయో రాష్ట్రంలో, కొలంబస్ నగరానికి తూర్పున ఉన్న లికింగ్ కౌంటీలో ఉంటున్నాను. కాబట్టి ఇక్కడి సంగతే చెబుతాను. కాలిఫోర్నియా, న్యూజెర్సీల మాట అక్కడివారు చెప్పాలి. మనవాళ్లు గుంపుగా ఉండే ఊళ్ల నుంచి చూసే అమెరికా వేరు. మా కౌంటీలో 2024లో ట్రంప్‌కు అరవై శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. ఎన్నికల సమయంలో ఇంటి ముందు గడ్డిలో పాతిన బోర్డు చూస్తే ఎవరు ఎటో తెలిసిపోతుంది. కానీ లోపలికి వెళ్లి కూర్చుని, పార్టీ ఊసెత్తకుండా మందుల ఖర్చు గురించో కరెంటు బిల్లు గురించో కదిలిస్తే ఆ బోర్డుకూ ఆ మాటలకూ పొంతన ఉండదు.

మా పక్కింటాయన సంగతి చెబుతాను. పేరు రాయను. మేరీస్‌విల్‌లోని హోండా కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. 2008లో ఒబామాకు వేశారు, 2016 నుంచి ట్రంప్‌కు వేస్తున్నారు. ఇందులో వింతేమీ లేదు, ఒహైయో కూడా అదే చేసింది. రెండుసార్లు ఒబామాను, తర్వాత మూడుసార్లు ట్రంప్‌ను గెలిపించింది. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలని ఆయన గట్టిగా నమ్ముతారు. సోషల్ సెక్యూరిటీ పింఛను మీద, పెద్దవయసువారికి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకోరు. అవి ప్రభుత్వం ఇచ్చేవి కావు, తన జీతంలోంచి కోసి దాచినవి అంటారు. ఇంట్లో జింకల వేటకు తుపాకులున్నాయి. అయినా లైసెన్సు లేకుండానే తుపాకీ దాచుకుని తిరగవచ్చని 2022లో వచ్చిన రాష్ట్ర చట్టం ఆయనకు నచ్చలేదు. గంజాయి ముట్టరు, కానీ ఇంట్లో కూర్చుని తాగేవాడి వెంట పోలీసులను తిప్పడం పన్నుల డబ్బు తగలెయ్యడమే అంటారు. గర్భస్రావం పాపమనే అనుకుంటారు. దాని మీద నిర్ణయం తీసుకోవలసింది రాజధానిలో కూర్చున్న శాసనసభ్యుడా అని అడిగితే ముఖం చిట్లిస్తారు.

ఈయన ఒక్కరి తీరే ఇలా ఉందనుకుంటే పొరపాటు. 2023 నవంబరులో ఒహైయో ఓటర్లు గర్భస్రావ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చారు. అదే రోజు గంజాయిని చట్టబద్ధం చేశారు. అంతకుముందు ఆగస్టులో ఇలాంటి రాజ్యాంగ సవరణలకు సగం ఓట్లు చాలవు, 60 శాతం కావాలని రిపబ్లికన్ శాసనసభ ఒక ప్రతిపాదన పెడితే దాన్నీ తిప్పికొట్టారు. మూడింటిలోనూ గెలిచిన పక్షానికి దాదాపు 57 శాతం వచ్చింది. మరుసటి ఏడాది అదే రాష్ట్రం ట్రంప్‌ను 11 శాతం తేడాతో గెలిపించింది. ఒక ఏడాది ఓటేసినవారే మరో ఏడాది కూడా వేస్తారని చెప్పలేం కాబట్టి ఈ లెక్కను మరీ లాగకూడదు. కానీ ఫ్లోరిడా ఓటర్లు 2020లో ఒకే రోజు ట్రంప్‌నూ గెలిపించారు, కనీస వేతనాన్ని గంటకు 15 డాలర్ల దాకా పెంచే సవరణనూ 60 శాతం దాటించి గెలిపించారు. ఆ పెంపు డెమొక్రాట్ల నినాదం. మనిషికి వేసే ఓటు ‘నా వాళ్లు ఎవరు’ అన్న ప్రశ్నకు జవాబు. విషయానికి వేసే ఓటు ఇంటి ఖర్చులోంచి, అనుభవంలోంచి వస్తుంది. ఇన్నేళ్లలో నాకు అర్థమైనది ఇదే.

మరి తనకు మేలు చేసిన పార్టీకే ఓటు వేయవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. ఇక్కడ చిక్కేమిటంటే, ఏ మేలు ఎవరు చేశారో చాలామందికి తెలియదు. మన దగ్గర ఆ ఇబ్బంది లేదు. రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. రోగి పడుకునే మంచం మారకపోయినా కార్డు మీద పేరు మారుతుంది. ఇక్కడ చాలా మేళ్లు పన్ను రిటర్నులో ఒక గడిగానో, బీమా కాగితాల్లో ఒక వరుసగానో వచ్చి పోతాయి. ఆ పేరు రాసుకునే కిటుకు ట్రంప్‌కు తెలుసు. 2020లో కోవిడ్ సాయం కింద ఇంటికి వచ్చిన చెక్కుల మీద ఆయన పేరు ముద్రించారు. మా పక్కింటాయన ఆ చెక్కును ఫొటో తీసి ఉంచుకున్నారు.

ఆయన భార్యకు చక్కెర వ్యాధి. మెడికేర్‌లో ఇన్సులిన్‌కు నెలకు 35 డాలర్లకు మించి కట్టనక్కరలేదు. ఇది 2022లో బైడెన్ సంతకం చేసిన చట్టం, 2023లో అమలైంది. కాంగ్రెస్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, ఒక్క రిపబ్లికన్ కూడా దానికి ఓటు వేయలేదు. మా పక్కింటాయన మాత్రం అది ట్రంప్ చేసిందంటారు. మా ఎదురింటి టీచరు, పక్కా డెమొక్రాట్, అది వినగానే మండిపడతారు. తమాషా ఏమిటంటే ఆయన మాటలోనూ కొంత నిజముంది. ట్రంప్ మొదటి హయాంలో ఇష్టపడి చేరిన బీమా పథకాలకు అదే 35 డాలర్ల పరిమితితో ఒక ప్రయోగం రూపొందించారు, 2021 జనవరిలో మొదలైంది. అందరికీ వర్తించేలా చేసింది తర్వాతి చట్టం. ఈ వివరం చెబితే ఇద్దరూ సంతోషించలేదు.

టెక్నాలజీ విషయానికి వస్తే మా ప్రాంతం మంచి ఉదాహరణ. ఇంటెల్ సంస్థ 2022 జనవరిలో మా కౌంటీలో 2,000 కోట్ల డాలర్లతో చిప్ ఫ్యాక్టరీలు కడతామని ప్రకటించింది. 2025లో ఉత్పత్తి మొదలవుతుందన్నారు. పొలాలు అమ్ముడయ్యాయి, రోడ్లు వెడల్పయ్యాయి, ఇళ్ల ధరలు పెరిగాయి. ఇప్పుడు మొదటి ఫ్యాక్టరీ 2030 లేదా 2031కి గానీ మొదలు కాదంటున్నారు. 2025 ఆగస్టులో ట్రంప్ ప్రభుత్వం ఆ కంపెనీలో దాదాపు 10 శాతం వాటా తీసుకుంది. చిన్న ప్రభుత్వం కావాలనే మా పక్కింటాయనను దీని గురించి కదిలించాను. “మన డబ్బు ఇచ్చినప్పుడు మనకు వాటా ఉండొద్దా?” అన్నారు. ఎదురింటి టీచరు కూడా ఇంచుమించు అదే మాట అన్నారు. ఆ రోజు కలిసి టీ తాగారు.

చిప్‌ల కంటే ముందు మాకు డేటా సెంటర్లు వచ్చాయి. న్యూ ఆల్బనీ చుట్టుపక్కల అమెజాన్, గూగుల్, మెటా సంస్థల కిటికీల్లేని పెద్ద పెద్ద భవనాలు వరుసగా లేచాయి. ఇప్పుడు పార్టీలకు అతీతంగా మా ఊరంతా తిట్టుకునేది వీటినే. నేను సాఫ్ట్‌వేర్ పనిచేస్తానని తెలుసు కాబట్టి నన్ను చూసినప్పుడల్లా కొంచెం గట్టిగా తిడతారు. కారణం కరెంటు. మా విద్యుత్తు గ్రిడ్‌లో ఉత్పత్తి సామర్థ్యాన్ని ముందుగా వేలంలో కొంటారు. 2024-25కి మెగావాట్‌కు రోజుకు 29 డాలర్లు పలికిన ధర 2025-26కి దాదాపు 270 డాలర్లయింది. పాత విద్యుత్ కేంద్రాలు మూతపడటం, డేటా సెంటర్ల గిరాకీ పెరగడం, రెండూ కారణాలే. 2025 జూన్ నుంచి బిల్లులు పెరిగాయి. కొత్తగా వచ్చే పెద్ద డేటా సెంటర్లు అడిగిన విద్యుత్తులో కనీసం 85 శాతానికి, వాడినా వాడకపోయినా, డబ్బు కట్టాలని 2025 జులైలో రాష్ట్ర నియంత్రణ సంస్థ ఆదేశించింది. ప్రైవేటు కంపెనీ మీద ప్రభుత్వం పెట్టిన ఇంత కఠినమైన షరతుకు మా రిపబ్లికన్ కౌంటీలో వ్యతిరేకత నాకు వినబడలేదు. ఇంకా గట్టిగా పెట్టాలన్నవారే ఎక్కువ.

కరెంటు అంటే ఇక్కడివారికి ఇంకో గాయం గుర్తుకొస్తుంది. ఫస్ట్ ఎనర్జీ అనే కంపెనీ రెండు అణువిద్యుత్ కేంద్రాలను జనం సొమ్ముతో గట్టెక్కించుకోవడానికి సుమారు 6 కోట్ల డాలర్లు ముట్టజెప్పింది. ఆ కేసులో ఒహైయో ప్రతినిధుల సభ మాజీ స్పీకర్ లారీ హౌస్‌హోల్డర్‌కు 2023లో 20 ఏళ్ల శిక్ష పడింది. ఆయన రిపబ్లికన్. శిక్ష చాలదన్న రిపబ్లికన్లు మా వీధిలోనే ఉన్నారు.

కృత్రిమ మేధ గురించి పేపర్లలో వచ్చే పెద్ద భయాలు మా వీధిలో పెద్దగా వినబడవు. పక్కింటావిడ మోకాలి చికిత్సకు బీమా కంపెనీ డబ్బు ఇవ్వనంది. ఆ నిర్ణయం మనిషి కాదు, కంప్యూటరే తీసుకుందని ఆవిడ అనుమానం. అందుకని అప్పీలు ఉత్తరాన్ని చాట్‌జీపీటీతోనే రాయించారు. వాళ్ల యంత్రంతో మన యంత్రమే మాట్లాడనీ అన్నారు. టెక్నాలజీ మీద సగటు అభిప్రాయం ఇంతే. వాడతారు, నమ్మరు, దాన్ని నడిపేవాళ్లను అసలే నమ్మరు. బడుల్లో ఫోన్లు నిషేధించాలని 2025లో రాష్ట్రం చట్టం చేస్తే మా పిల్లల బడి తల్లిదండ్రుల్లో ఏ పార్టీవారూ పెదవి విరవలేదు. పిల్లలు విరిచారు.

పక్కింటావిడ తమ్ముడు రైతు, నాకు తెలిసినవారిలో అందరికంటే పెద్ద సంప్రదాయవాది. ఆయన ట్రాక్టరు సోయాబీన్ కోతల మధ్యలో ఆగిపోయింది. సమస్య చిన్న సెన్సరు. కానీ కంపెనీ టెక్నీషియన్ ల్యాప్‌టాప్ తెచ్చి తాళం తీస్తే తప్ప బండి కదలదు. అప్పటి నుంచి సొంత యంత్రాన్ని సొంతంగా బాగుచేసుకునే హక్కు కోసం చట్టం కావాలంటాడు. 2023లో కొలరాడో రైతుల కోసం అలాంటి చట్టమే చేసింది. సంతకం చేసిన గవర్నర్ డెమొక్రాట్ అని నేను గుర్తుచేస్తే, “ఎవడైతే ఏమిటి, ట్రాక్టరు నాది” అన్నాడు.

పౌరసత్వం వచ్చాక నేను పోలింగ్ కేంద్రంలో పనికి వెళ్తున్నాను. కొంత భత్యం ఇస్తారు. ఒహైయోలో ఒక్కో కేంద్రంలోని సిబ్బందిలో ఏ ఒక్క పార్టీవారూ సగానికి మించకూడదు. ఉదయం 6:30 నుంచి రాత్రి 7:30 దాకా పోలింగ్, మేము అంతకు గంట ముందే చేరాలి. అభ్యర్థుల గురించి మాట్లాడకూడదు కాబట్టి ఖాళీ దొరికినప్పుడు ఆస్తి పన్ను గురించి మాట్లాడుకుంటారు. ఇక్కడ బడులకు పెద్ద ఆదాయం ఆ పన్నే. బడికి అదనంగా డబ్బు కావాలంటే చాలాసార్లు బ్యాలట్ మీద పెట్టి ఊరి అనుమతి అడగాలి. మన దగ్గర ఊరి బడి బడ్జెట్‌కు ఊరివారే ఓటు వేసే పద్ధతి ఉంటే ఎలా ఉండేదో అని అప్పుడప్పుడు అనుకుంటాను. ఆ రోజంతా నా పక్కన కూర్చునే పెద్దావిడకు 2020 ఎన్నికల్లో మోసం జరిగిందని గట్టి నమ్మకం. మన కౌంటీలోనా అంటే నొచ్చుకుంటారు. ఇక్కడ తానే లెక్కచూస్తోంది కదా, మోసం జరిగేది ఫిలడెల్ఫియాలో అంటారు. తన ఊరి వ్యవస్థ మీద నమ్మకం, కనబడని ఊరి మీద అనుమానం. ఇది రెండు పార్టీల్లోనూ ఉంది, అనుమానించే ఊరి పేరే మారుతుంది.

ఇక మన తెలుగువాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న: మన గురించి ఏమనుకుంటారు? ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరు అని మన వాట్సాప్ గ్రూపులు నెలల తరబడి చర్చించాయి. మా వీధిలో ఆ ప్రస్తావన తెచ్చింది నేనొక్కడినే. 2024 సెప్టెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని హైతీ వలసదారులు పెంపుడు జంతువులను తింటున్నారని ట్రంప్ డిబేట్‌లో అన్నప్పుడు పక్కింటాయన నవ్వి, అది అబద్ధమని తేల్చేశారు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఇక్కడికి మరీ దూరం కాదు. నవంబరులో ట్రంప్‌కే ఓటు వేశారు. సరిహద్దు సంగతి వేరు అన్నారు.

హెచ్-1బి దగ్గర మాత్రం మాట జాగ్రత్తగా వస్తుంది. ఆయన మనవడు కంప్యూటర్ సైన్స్ చదివి ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు. “నీ గురించి కాదు” అని మొదలుపెడతారు. ఈ విషయంలో ఎదురింటి టీచరు ఆయన పక్షమే, కంపెనీలు జీతాలు తగ్గించుకోవడానికి వాడుకుంటున్నాయంటారు. పైస్థాయిలోనూ అంతే. ఈ వీసాలను మస్క్ సమర్థించాడు, ట్రంప్ మాజీ సలహాదారు స్టీవ్ బానన్, వామపక్ష సెనేటర్ బెర్నీ శాండర్స్ ఇద్దరూ తిట్టారు. బయటి దేశం నుంచి కొత్తగా తెచ్చుకునే ఉద్యోగికి లక్ష డాలర్ల ఫీజు అని 2025 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు పక్కింటాయన అభిప్రాయం అడిగాను. పెద్ద కంపెనీలు కట్టాల్సిందే అన్నారు. మరి మన పక్క ఊళ్లోని చిన్న ఆసుపత్రి కట్టగలదా అన్నాను. కాసేపు ఆలోచించారు. ఆయనకు గుండె పరీక్షలు చేసే డాక్టరు గుంటూరు ఆయన. డాక్టర్లకు మినహాయింపు ఇవ్వాలి, దాని గురించి మన కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాస్తానన్నారు. రాశారు కూడా. సాఫ్ట్‌వేర్ వాళ్ల ఊసు అందులో లేదు.